ఇల్లు ఉరుస్తోందని ఓనర్‌కు చెప్పడం ఎలా?

2024 జూన్ ఆఖరి రాత్రి కురిసిన వానకు నాగర్‌కర్నూల్ దగ్గరి వనపట్లలో మట్టి మిద్దె కూలి తల్లీ, ముగ్గురు పిల్లలూ చనిపోయారు. అంతకు దాదాపు నాలుగేళ్ల ముందు, 2020 అక్టోబరులో, వనపర్తి జిల్లా బుద్ధారంలో పాత ఇంటి కప్పు కూలి ఒకే కుటుంబంలో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. రెండూ ఒకప్పటి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా ఊళ్లే. ఇవి ఓనరుకూ కిరాయిదారుకూ మధ్య తగాదాలు కావు. కానీ నానిన కప్పు, దాని కింద నిద్రపోయే మనుషులు ఎవరనేది చూసుకోదు. మహబూబ్‌నగర్, నల్లగొండ పాత వీధుల్లో కిరాయికిచ్చే ఇళ్లలో మట్టి మిద్దెలున్నాయి, పెంకుటిళ్లున్నాయి, రేకుల గదులున్నాయి, ఎన్నడో పోసిన స్లాబులూ ఉన్నాయి. వాటిలో ఉండేవాళ్లు సొంతంగా కప్పు విప్పి వేయించుకోలేరు. వాళ్ల చేతిలో ఉన్నది ఒక్కటే. చెప్పడం.

ఆ చెప్పడమే చాలా ఇళ్లలో జరగదు.

కారణాలు తెలియనివి కావు. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాక ఈ రెండు పట్టణాల్లో కిరాయి ఇళ్లకు గిరాకీ పెరిగింది. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లోనూ, చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీల్లోనూ పనిచేసేవాళ్లు రేకుల గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటారు. ఇల్లు దొరకడమే కష్టమైనప్పుడు, దొరికిన ఇంటి గురించి నోరెత్తడానికి మనిషి జంకుతాడు. కులమో మతమో అడిగి ఇల్లు లేదనిపించుకున్నవాళ్లు, ఒంటరిగా ఉండే ఆడవాళ్లు, భాష రాని ఒడిశా, బిహార్ కూలీలు మరీ జంకుతారు. 'ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి' అనే మాట ఎక్కడ వస్తుందోనని చెమ్మ గోడకు బీరువా అడ్డం పెట్టి, కారే చోట గిన్నె పెట్టి, కాలం వెళ్లదీస్తారు. ఇంకో రకం మొహమాటం కూడా ఉంది. ఓనర్ రిటైరైన టీచర్, మంచాయన, పండక్కి పిలిచి భోజనం పెడతాడు. ఆయన్ను నల్లా కారుతోందని ఇబ్బంది పెట్టడం బాగుండదనిపిస్తుంది. ఓనర్ హైదరాబాద్‌లో పిల్లల దగ్గర ఉంటే ఫోన్ చేయడానికే వారం పడుతుంది.

చట్టం ఈ విషయాన్ని మొహమాటంగా చూడలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ఈనాటికీ ఓనరు, కిరాయిదారు సంబంధానికి మూలం. మామూలు అరుగుదల పోను, ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే కాపాడి అప్పగించడం కిరాయిదారు బాధ్యత అంటుంది. ఓనర్ చేయించాల్సిన రిపేరును, నోటీసు ఇచ్చిన తర్వాత తగిన గడువులో చేయించకపోతే కిరాయిదారే చేయించుకొని ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో పట్టుకోవచ్చనీ అంటుంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఇంటికి నష్టం కనబడగానే ఓనరుకు రాసి తెలపడాన్ని కిరాయిదారు బాధ్యతల్లో చేర్చింది. అంటే చెప్పడం ఫిర్యాదు కాదు, ఓనర్ ఆస్తిని కాపాడే పని. చెప్పకుండా దాచితే రేపు అడ్వాన్స్ తిరిగిచ్చేటప్పుడు 'ఇంత పాడయ్యేదాకా ఎందుకు ఊరుకున్నారు' అని అడిగే హక్కు ఓనరుకు ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది ఆ పని ఎవరిదని. నల్లాలో మిషన్ భగీరథ నీళ్లు రాకపోతే పక్కింటి వాళ్లను అడగాలి. వాళ్లకూ రాకపోతే అది మున్సిపాలిటీ పని, ఓనర్‌ది కాదు. పక్కింట్లో వచ్చి ఇక్కడ రాకపోతే ఇంటి పైపులో ఏదో ఉంది. వీధి మోరీ నిండి బాత్రూంలోకి ఎదురు తన్నుతుంటే మున్సిపాలిటీకి, ఇంటి లోపలి గొట్టం మూసుకుపోతే ఇంట్లోవాళ్లకు. స్తంభం మీద తీగ, మీటరు విద్యుత్ సంస్థ బాధ్యత. 1912కు ఫోన్ చేయాలి. మీటరు దాటి లోపలికి వచ్చిన వైరింగ్ ఓనర్‌ది. ఈ తేడా తెలియక ఓనర్ మీద కోపం పెంచుకున్నవాళ్లు ఉన్నారు, ఓనర్ చేయించాల్సిన దాని కోసం నెలల తరబడి మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లూ ఉన్నారు.

ఇంటి లోపలి పనుల్లో ఓనర్‌వి ఏవి, కిరాయిదారువి ఏవి అన్నదానికి నమూనా చట్టంలోని జాబితా మంచి కొలమానం. గోడలు, కప్పు లాంటి కట్టడం రిపేర్లు, గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనర్ వంతు. నల్లా వాషర్లు, నల్లాలు, స్విచ్చులు, సాకెట్లు, కిటికీ అద్దాలు, వాష్ బేసిన్, గీజర్ రిపేర్లు, మోరీ శుభ్రం చేయడం కిరాయిదారు వంతు. రాష్ట్రం తన శాసనంగా తెచ్చుకుంటే తప్ప నమూనా చట్టం ఇక్కడి కోర్టులో చెల్లదు. అయినా మాటామాటా వచ్చినప్పుడు 'కేంద్రం జాబితాలో ఇలా ఉంది సార్' అని మర్యాదగా చూపడానికి పనికొస్తుంది. నల్లగొండ నేలలో ఒక ఇబ్బంది ప్రత్యేకం. ఫ్లోరైడ్ సంగతి దేశానికంతా తెలుసు; దానితోపాటు చాలా బోర్లలో నీళ్లు చవుడు. ఆ నీళ్లకు నల్లాలూ గీజర్లూ తెల్లగా ఉప్పు కట్టి త్వరగా పాడవుతాయి. తప్పు వాడినవాళ్లదీ కాదు, కట్టినవాళ్లదీ కాదు. బోరు మోటరు కాలిపోతే ఎవరు కట్టించాలి, సంపు ఎవరు కడిగించాలి, గీజర్ కాయిల్ ఎవరు మార్పించాలి అన్నది ఇంట్లో దిగక ముందే అగ్రిమెంటులో రెండు వాక్యాలు రాసుకోవడం తప్ప వేరే దారి లేదు. 1882 చట్టం కూడా ముందు ఒప్పందాన్నీ, స్థానిక ఆచారాన్నీ చూస్తుంది. అవి చెప్పని చోటే తన నియమాలను వర్తింపజేస్తుంది. కప్పు, పైపులు, వైరింగ్ ఓనరే బాగుచేయించాలన్న ఒక్క వాక్యం రాసి ఉంటే సగం వాదన అక్కడే తీరిపోతుంది.

రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి పదకొండు నెలల కాగితం రాసుకోవడం ఇక్కడ అందరికీ అలవాటే. ఆ కాగితంలో కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత అన్నదే ఉంటుంది, ఇల్లు ఏ స్థితిలో ఉందో ఉండదు. దిగే రోజున గది గదికీ ఫొటోలు తీసి, ఉన్న పగుళ్లు, చెమ్మ మచ్చలు, విరిగిన బండలు రాసి, అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపితే పది నిమిషాల పని. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో చెప్పే సాక్ష్యం తర్వాత ఎంత డబ్బు పెట్టినా దొరకదు.

ఇక చెప్పే తీరు. అన్ని రిపేర్లూ ఒక్క తీరుగా చెప్పేవి కావు. కరెంటు అన్నిటికంటే ముందు. తడి గోడ ముట్టుకుంటే జివ్వుమంటున్నా, నల్లా తిప్పితే షాక్ కొడుతున్నా, బట్టలారేసే ఇనుప తీగ కరెంటు వైరుకు దగ్గరగా ఉన్నా, ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే ఫోన్. కామారెడ్డిలో 2022 జూలైలో బట్టలారేసే తీగ ద్వారా షాక్ కొట్టి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. ఒకరికి తగలగానే కాపాడబోయి ఇంకొకరు పట్టుకోవడం ఇలాంటి ప్రమాదాల్లో తరచూ జరుగుతుంది. దండేనికి ఇనుప తీగ బదులు నైలాన్ తాడు కట్టుకోవడం ఎవరి అనుమతీ అక్కర్లేని పని, ఈరోజే చేయొచ్చు. కరెంటు తర్వాత కప్పు. స్లాబు పెచ్చులు ఊడి లోపలి ఇనుము కనబడుతున్నా, మిద్దె దూలం వంగినా, మట్టి గోడ ఉబ్బినా, వాన మధ్యలో పైనుంచి మట్టి రాలుతున్నా ఆ గదిలో ఆ రాత్రి పడుకోకూడదు. ఓనర్ అనుమతి కోసం, మేస్త్రీ కోసం ఆగాల్సిన సమయం కాదది. మనుషులు బయటికి వచ్చాకే మాటలు. కూలేలా ఉన్న ఇంటి గురించి మున్సిపల్ కమిషనర్‌కు రాసివ్వవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ అర్జీ పెట్టవచ్చు. మిగతావి, అంటే చెమ్మ, కారే నల్లా, మూసుకుపోయిన గొట్టం, ఊడిన బండ, నాలుగు రోజులు ఆగుతాయి. కానీ చెప్పకుండా ఆగకూడదు.

ఫోన్‌లో చెప్పడం మంచిదే, పెద్దవాళ్లకు గౌరవంగానూ ఉంటుంది. కానీ ఫోన్ పెట్టేశాక ఆ మాట ఎక్కడా ఉండదు. మాట్లాడిన వెంటనే దాన్నే రాసి పంపాలి. చాలామంది పంపేది 'సార్ ఇల్లు ఉరుస్తోంది, ఏదైనా చేయండి' అని. చదివిన ఓనరుకు ఏ గది, ఎంత, ఎప్పటినుంచి, ఏం చేయాలి అన్నది అర్థం కాదు. సరేనని జవాబిచ్చి మరిచిపోతాడు. పని జరగాలంటే ఇలా ఉండాలి:

'నమస్తే సార్. ఇందాక ఫోన్‌లో చెప్పిన విషయమే రాస్తున్నాను. జూలై 3 రాత్రి వానకు వెనక గది కప్పులో, ఫ్యాన్‌కు కుడి పక్కన, నీళ్లు కారాయి. ఇవాళ పొద్దున అక్కడ అరచేయంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. పిల్లలను ముందు గదిలో పడుకోబెడుతున్నాం. ఆ ఫ్యాన్ స్విచ్ వేయడం లేదు. ఫొటోలు, వీడియో పంపాను. ఈ ఆదివారంలోగా మేస్త్రీని పంపగలరా? ఏ రోజో, ఏ టైమో చెబితే ఇంట్లో ఉంటాం. మీరు సరేనంటే ఇక్కడి మేస్త్రీని నేనే పిలిపించి, ఎంతవుతుందో కనుక్కొని మీకు చెబుతాను.'

ఈ పది వాక్యాల్లో తిట్టు లేదు, బెదిరింపు లేదు, బతిమాలడం కూడా లేదు. తేదీ ఉంది. చోటు ఉంది, ఎంత ప్రమాదమో ఉంది. నష్టం పెరగకుండా కిరాయిదారు తన వంతు ఏం చేశాడో ఉంది. గడువు ఉంది. ఊళ్లో లేని ఓనరుకు పనికొచ్చే ప్రతిపాదనా ఉంది. చివరిదే చాలా సార్లు పని జరిపిస్తుంది. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో కూర్చున్న మనిషికి నల్లగొండలో మేస్త్రీని వెతకడం, వచ్చాడో లేదో చూడటం, బేరమాడటం పెద్ద తలనొప్పి. ఖర్చెంతో ముందే తెలిసి, ఫొటో చూసి ఒప్పుకొని, ఫోన్‌పేలో డబ్బు పంపితే అయిపోయేదైతే కాదనేవాళ్లు తక్కువ. ఫొటో దూరం నుంచి ఒకటి, దగ్గరి నుంచి ఒకటి తీయాలి. ఉత్త మచ్చ ఫొటో చూస్తే ఏ గదో తెలియదు. నీళ్లు కారేది, స్విచ్చు దగ్గర నిప్పురవ్వలు వచ్చేది వీడియోలోనే కనబడుతుంది.

వాట్సాప్ చూడని ఓనర్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లకు ఇదే విషయం తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సంతకం పెట్టించుకోవాలి. సంతకం అడగడం ఇబ్బందైతే ఎవరినైనా తోడు తీసుకుపోయి ఇవ్వడం నయం. మాట వినని ఓనరుకైతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. రిజిస్టర్డ్ పోస్టును తపాలా శాఖ 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులోనే కలిపేసింది. వాట్సాప్ సందేశాలైతే ఫోన్ మార్చినప్పుడు పోకుండా చూసుకోవాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులు, తగిన ధ్రువపత్రంతో, కోర్టులో సాక్ష్యంగా చెల్లుతాయి.

జవాబు రాకపోతే మూడు నాలుగు రోజులకు మళ్లీ రాయాలి. కోపంగా కాదు, పాత సందేశాన్ని జోడించి, కొత్తగా ఏమైందో చేర్చి. 'నిన్నటి వానకు మచ్చ రెండు జానలైంది సార్' అన్న వాక్యంలో ఎంత కోపం చూపినా రాని బలం ఉంటుంది. ఓనర్ వచ్చి చూస్తానంటే సమయం కుదుర్చుకొని తలుపు తీయాలి. అది కూడా కిరాయిదారు బాధ్యతే. 'మేం లేనప్పుడు తాళం తీసి చూసుకోవద్దు, ఒక రోజు ముందు చెప్పండి' అని అడగడంలో తప్పేమీ లేదు. నమూనా చట్టం 24 గంటల ముందస్తు సమాచారం ఇవ్వాలనీ, పొద్దున 7 గంటలకు ముందు, రాత్రి 8 తర్వాత రాకూడదనీ అంటుంది.

కప్పు విషయంలో చెప్పే కాలం ముఖ్యం. జూలైలో ఉరుస్తోందని చెబితే ఓనర్ ఎంత మంచివాడైనా పూర్తిగా బాగుచేయించలేడు. తడి స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ పట్టదు. ఆ నెలలో అయ్యేది టార్పాలిన్ కప్పడం, పిట్టగోడ దగ్గర నీళ్లు పోయే తూము తీయించడం. అసలు పనికి ఏప్రిల్, మే నెలలే సరైనవి. ఎండకు స్లాబు ఎండి పగుళ్లు స్పష్టంగా కనబడతాయి, మేస్త్రీలకు పని చేయడానికీ వీలుంటుంది. నిరుటి వానకు తీసిన ఫొటోలతో ఉగాది దాటగానే ఓనరుకు గుర్తుచేయడం ఆ ఇంట్లో ఉండేవాళ్ల చేతిలో ఉంది. ఆకులు, గాలిపటాల దారాలు, ప్లాస్టిక్ సంచులు చేరి తూము మూసుకుపోయి నీళ్లు నిలిచిన స్లాబులు ఎన్నో ఉరుస్తాయి. దాన్ని శుభ్రం చేయడానికి ఓనర్ దాకా పోనక్కర్లేదు.

చెమ్మను చాలామంది రిపేరుగానే లెక్కించరు. కానీ అది ప్రాణం మీదికీ తెస్తుంది. ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లాడు శ్వాస జబ్బుతో చనిపోయాడు. ఇంట్లో పేరుకున్న బూజే కారణమని విచారణలో తేలింది. ఆ కుటుంబం సూడాన్ నుంచి వచ్చింది. తండ్రి బూజు గురించి 2017 నుంచే చెబుతూ వచ్చాడు, ఇల్లు కిరాయికిచ్చినవాళ్లు పైన రంగు వేసుకోమని సలహా ఇచ్చి ఊరుకున్నారు. ఆ పిల్లాడి పేరుతో అక్కడ తెచ్చిన నిబంధన 2025 అక్టోబరు నుంచి సామాజిక గృహాల్లో అమలవుతోంది. తక్షణ ప్రమాదం ఉంటే 24 గంటల్లో సరిచేయాలి, చెమ్మ మీద ఫిర్యాదు వస్తే పది పనిదినాల్లో విచారించాలి. మన దగ్గర అలాంటి గడువు రాసిన చట్టం లేదు. అందుకే గడువును కిరాయిదారే తన సందేశంలో రాసుకోవాల్సి వస్తోంది. పసిపిల్లలున్న ఇంట్లో నల్లగా బూజు పట్టిన గోడను, 'రంగు పోయింది' అని కాక, 'పాపకు దగ్గు తగ్గడం లేదు, డాక్టర్ చెమ్మ లేని గదిలో ఉంచమన్నారు' అని ఉన్న మాట ఉన్నట్టు రాయాలి.

డబ్బు దగ్గరే మాట చెడేది. ఓనర్ పట్టించుకోనప్పుడు ముందుగా తట్టే ఆలోచన కిరాయి ఆపేయడం. అది తప్పు దారి. ఉద్దేశపూర్వకంగా కిరాయి ఎగ్గొట్టడం ఖాళీ చేయించడానికి చట్టం ఒప్పుకొనే కారణం. న్యాయం మీ వైపున్నా ఆ ఒక్క పనితో అవతలి వైపుకు పోతుంది. కిరాయి నెల నెలా బ్యాంకు ద్వారానో ఫోన్‌పేలోనో పంపుతూనే ఉండాలి. చేతికిస్తే రసీదు అడగాలి. 108వ సెక్షన్ కింద ఖర్చు పట్టుకోవాలనుకుంటే ఆ రిపేరు ఓనర్ బాధ్యతని అగ్రిమెంటులోనో ఆచారంలోనో ఉండాలి. ముందు రాసి చెప్పి ఉండాలి, తగిన గడువు ఇచ్చి ఉండాలి. బిల్లు, పనికి ముందూ తర్వాతా ఫొటోలు దాచాలి. ఒకేసారి మొత్తం కోయకుండా, ముందే తెలిపి, నెలకు కొంత పట్టుకోవాలి. నమూనా చట్టం కూడా ఏ నెలలోనూ కిరాయిలో సగానికి మించి కోయరాదంటుంది. పెద్ద మొత్తమైతే వకీలును అడగకుండా ఈ దారి పట్టకపోవడం మేలు.

'ఖాళీ చేయండి' అన్న మాట వస్తే? మాట అన్నంత మాత్రాన ఖాళీ చేయనక్కర్లేదు. నెలవారీ కిరాయికి, వేరే ఒప్పందం లేనప్పుడు, 1882 చట్టం పదిహేను రోజుల నోటీసు కోరుతుంది. ఆ తర్వాత కూడా కదలకపోతే ఓనర్ కోర్టుకు పోవాలే తప్ప సామాను బయట పడేయించే హక్కు లేదు. హైదరాబాద్ రాష్ట్రంలో 1954లోనే అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1960 చట్టం, కిరాయిదారు వాడుకుంటున్న నీళ్లు, కరెంటు లాంటి సౌకర్యాలను సరైన కారణం లేకుండా ఆపకూడదంటుంది. ఆపితే రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోవచ్చు. ఈ చట్టం కొత్త కట్టడాలకూ, కిరాయి ఒక పరిమితి దాటిన ఇళ్లకూ వర్తించదు, పల్లెల్లో అసలు లేదు. కిరాయిదారు తానుంటున్న ఇల్లు దాని కిందికి వస్తుందో రాదో వకీలునే అడిగి తెలుసుకోవాలి.

వకీలు ఫీజుకు భయపడాల్సిన పని చాలామందికి లేదు. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఎస్సీలు, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులకూ అంతే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టుల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలున్నాయి. దేశమంతటికీ ఒకటే ఫోన్ నంబరు, 15100. కేసు వేయకముందే ఓనర్‌ను పిలిపించి లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడించవచ్చు. కోర్టు ఫీజు లేదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకొని రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.